చావుబావి ఆమెకు కుట్టిన ప్యాంటు

జాతర జరిగే మైదానానికీ మా ఇంటికీ మధ్య ఒక జొన్నచేను, రెండు వాడలు ఉండేవి. అయినా ఆ మోటారుసైకిల్ చప్పుడు మా వెనక గదిలోకి వచ్చేది. ముందు గదిలో బాపు మగ్గం ఆపి వినేవాడు. చప్పుడు ఒక్కసారిగా పెరిగి, దగ్గరికి వచ్చి, దూరం పోయి, మళ్లీ దగ్గరికి వచ్చేది. అది మెల్లగా తగ్గి ఆగిపోతే బండి క్షేమంగా దిగినట్టు. ఉన్నట్టుండి ఆగిపోతే ఏమైనట్టో ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఆ చప్పుడు ఉన్నంతసేపూ నేను కుట్టుమిషను చక్రం మీద చేయి పెట్టి, తొక్కకుండా కూర్చునేదాన్ని.

ఇది అరవైలలో మాట. మాది కోస్గి. మేము నేతపని వాళ్లం. బాపు చీరలు నేసేవాడు, అమ్మ నూలు సర్ది ఆసు పోసేది. నేను మహబూబ్‌నగర్‌లో మేనత్త ఇంట్లో ఉండి కుట్టుపని నేర్చుకుని వచ్చాను. వాడలో ఆడవాళ్లకు రవికలు, లంగాలు, చిన్నపిల్లలకు లాగులు కుట్టేదాన్ని. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లను. స్వభావం చేత పిరికిదాన్ని. రవిక భుజం కొంచెం బిగుతైనా, వాళ్లు వచ్చి ఏమంటారోనని ఆ పూటంతా అన్నం సయించేది కాదు.

ఆ ఏడు జాతరకు మొదటిసారి మౌత్ కా కువా వచ్చింది. మావాళ్లు దాన్ని చావుబావి అన్నారు. భూమి మీద నిలబెట్టిన చెక్కల బావి అది. జనం మెట్లెక్కి పైనుంచి లోపలికి తొంగి చూస్తారు. లోపల మోటారుసైకిల్ అడుగున గిరగిరా తిరిగి, వేగం అందుకుని, నిలువు గోడ మీదికి ఎక్కి, చుట్టూ పరుగెడుతుంది. ఎక్కడెక్కడో ఇలాంటివి ఉన్నాయని విన్నాం. కానీ ఇక్కడ బండి నడిపేది ఆడమనిషి, పైగా ప్యాంటు తొడుక్కుని. బావి దగ్గరికి బండి కోసం వచ్చినవాళ్లు ఎంతమందో, ప్యాంటు కోసం వచ్చినవాళ్లూ అంతమంది.

జాతర మొదలైన మర్నాడు పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. చీరలోనే వచ్చింది. ఆమె ఎవరో చెప్పేదాకా నాకు తెలియలేదు. ముప్పై లోపు వయసు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు, కుడి పిక్క మీద కాలిన మచ్చ. గడపలో నిలబడి నన్ను చూసి నవ్వింది.

"నువ్వేనా చెల్లె, ఆడోళ్ల బట్టలు కుట్టేది?"

"నేనే అక్క. ఏం కుట్టాలె?"

"ప్యాంటు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ రాట్నం ముందు నుంచి తలెత్తలేదు కానీ రాట్నం ఆగింది.

"నేనెన్నడు ప్యాంటు కుట్టలేదక్క. బజార్ల మగ దర్జీలు ఉన్నరు గద."

"ఉన్నరు. నా నడుము సుట్టు వాళ్లు టేపు వెట్టుడు నాకు ఇష్టం లేదు. పిల్లల లాగులు కుడ్తవట గద. గదే పెద్దగ కుట్టు."

ఆమె మాట మా మాటకు దగ్గరగానే ఉంది. హుజూర్‌నగర్ దిక్కు పుట్టిందట. పెళ్లయి భర్త వెంట జాతర జాతరకూ తిరుగుతోంది. గోడ మీద బండి నడిపేవాడు అతడే. రెండు జాతరల కింద పడి చెయ్యి విరిగింది. ఆ చెయ్యి అతికేదాకా ఆమె నడుపుతోంది. భర్త దగ్గరే నేర్చుకుంది. తొడుక్కునేది కూడా భర్త ప్యాంటే, నడుము దగ్గర ముడిచి కుట్టుకుని.

ఆ పాత ప్యాంటు చంకలోంచి తీసి నా ముందు పెట్టింది. మగవాళ్ల ప్యాంటు కదా, ముందు భాగంలో గుండీలు. పైనుంచి రెండు గుండీల స్థానంలో దారపు పోగులు మాత్రమే ఉన్నాయి.

"పోయినసారి షాద్‌నగర్ దిక్కు ఆడినం," అని చెప్పడం మొదలుపెట్టింది. "గోడ మీద రెండు చేతులు ఇడిసి తిరుగుతున్న. పైనుంచి జనం చప్పట్లు కొడుతున్నరు. గప్పుడే గుండి పటుక్కున తెగింది. దాని ఎనక ఇంకోటి ఊడింది. నడుము జారుతాంది. ఉన్నయి రెండు చేతులు. హాండిలు పట్టుకోవాల్నా, ప్యాంటు పట్టుకోవాల్నా?"

"ఏం పట్టుకున్నవ్?"

"ప్యాంటే పట్టుకున్న." ఆమె నవ్వింది. "సిగ్గు ముంగట పానం యాదికి రాదు చెల్లె. ఒక్క చేత్తోని ఎట్ల దిగిననో నాకే తెల్వదు."

ఆమె నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. రవిక గుండీ ఊడితే కొంగు కప్పుకుంటాం. ఇక్కడ గుండీ ఊడితే మనిషి చెక్కల మీద పడి చస్తుంది. అది నేను కుట్టిన గుండీ అయితే? వద్దని చెప్పేద్దామనుకున్నాను. ఆమె అప్పటికే కొత్త ఖాకీ గుడ్డ మడత విప్పి చాప మీద పరిచింది. గుడ్డ మధ్యలో కాగితంలో చుట్టిన జిప్పు ఒకటి.

జిప్పును అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఊళ్లో కాంపౌండరు తోలుసంచికి ఒకటి ఉండేది. ఇది ఇత్తడి పళ్లది, జానెడు పొడవు, హైదరాబాదు నుంచి తెప్పించుకుందట. ఆమె దాన్ని పైకీ కిందికీ లాగి చూపించింది. జర్రుమని మూసుకుంది, జర్రుమని తెరుచుకుంది.

"నాకు ఇగ గుండీల మీద నమ్మకం పోయింది. గిదే పెట్టు."

ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి చాలాసేపు పట్టింది. ముందు వైపు వద్దని ఆమె ముందే చెప్పింది. బండి మీద వంగితే పెట్రోలు ట్యాంకు అంచూ గుండీల వరసా కలిసి పొట్టను నొక్కుతున్నాయి. పైగా ముందు తెరుచుకునే ప్యాంటు మగవాళ్లదని జనం మరింత ఎగతాళి చేస్తున్నారు. వెనక పెడదామా అన్నాను. లంగా లాంటిదే కదా అని నా ఆలోచన. ఆమె చాప మీద బండి ఎక్కినట్టు వంగి కూర్చుని చూపించింది. అలా కూర్చుంటే సాగేదంతా వెనకే. జిప్పు పళ్ల మీద మొత్తం బలం పడుతుంది. ఇక మిగిలింది పక్క.

"ఎడమ పక్క పెట్టు," అంది ఆమె. "గోడ మీద తిరిగేటప్పుడు నా కుడి పక్క జనానికి కనవడ్తది. ఎడమ పక్క కిందికి, బావి అడుగు దిక్కు ఉంటది. ఏమన్న అయినా ఎవనికి కనవడది."

ఏమన్నా అవుతుందని ఆమె అంత తేలిగ్గా అనడం నాకు నచ్చలేదు. కొలతలు తీసుకున్నాను. నడుము చుట్టూ టేపు పెట్టినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది. చక్కిలిగింతలనుకున్నాను.

పని లోపలి గదిలో, తలుపు దగ్గరికి వేసుకుని చేశాను. పెళ్లికాని పిల్ల ఆడదానికి ప్యాంటు కుడుతోందని వాడలో తెలిస్తే బాపు ముఖం ఎక్కడ పెట్టుకుంటాడోనని భయం. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా గుడ్డ మీద లంగా పరిచేదాన్ని. కత్తిరించడం పెద్ద కష్టం కాలేదు, పాత ప్యాంటు ముందుంది కదా. జిప్పు దగ్గరే ఏడుపు వచ్చింది. మిషను పాదం పళ్ల మీదికెక్కి సూది విరిగింది. ఇంకో సూది కూడా విరిగేసరికి మిషను వదిలి, చేత్తో, ఒక్కో కుట్టూ వెనక్కి తిప్పి కుట్టాను. కుట్టాక మూసి చూశాను, తెరిచి చూశాను. నడుము పట్టీ రెండు చేతులతో పట్టుకుని బలంగా లాగి చూశాను. ఒకసారి లాగినప్పుడు నడిమధ్యన ఒక పన్ను పక్కకు జరిగింది. జరిగిందో లేదో, దాని కింద పళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నోరు తెరిచాయి. పైకి లాగిన తాళం పైనే ఉంది, మధ్యలో మాత్రం తెరుచుకుని ఉంది.

నేను దాన్ని అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. తాళం కిందికి లాగి మళ్లీ పైకి లాగితే పళ్లు మామూలుగా కలిశాయి. ఏమీ జరగనట్టే ఉంది. అయినా నా కళ్లతో చూశాను కదా. గుండీ ఒకటి తెగితే కింద ఇంకోటి ఉంటుంది. జిప్పుకు ఒక్క పన్ను తప్పితే ఇక ఏదీ ఆగదు.

ఆ సాయంత్రం ఆమె వచ్చి తొడుక్కుని చూసుకుంది. జిప్పు పట్టీ దాకా రాలేదు. నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ఆమె ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగింది. అప్పుడు వచ్చింది. ఊపిరి వదలగానే పళ్లు కిర్రుమన్నాయి.

"ఇరుకైంది చెల్లె."

కొలత తప్పానా? టేపు తీసి మళ్లీ కొలిచాను. పొద్దున రాసుకున్నదానికీ దీనికీ కలవడం లేదు. నేనే తప్పు చదివానేమో, నేనే తప్పు కోశానేమో అని టేపు మళ్లీ చుట్టి చూశాను. అమ్మ ఎప్పుడు వచ్చిందో, గది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె నడుము వైపు చూసింది, ఆమె ముఖం వైపు చూసింది. లోపలికి వచ్చి తలుపు మూసింది.

"ఎన్నో నెల బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

ఆమె జిప్పు తాళం పట్టుకుని నిలబడింది. "నాలుగు నిండినయ్," అంది.

"ఆయినెకు తెలుసా?"

"తెల్వదు. తెలిస్తె నన్ను బండి ఎక్కనియ్యడు. ఆయిన చెయ్యి ఇంకా కట్లనే ఉంది. బావి నిలవెట్టినంక బండి తిరగాలె గద. మూడు కుటుంబాలు బతుకుతయ్ దాని మీద. జాతర అయినంక చెప్త."

"జాతర అయ్యేదాంక నువ్వుండాలె గద!"

అమ్మ గొంతు అంత పెద్దదవడం నేను అంతకుముందు వినలేదు. ఆమె తల దించుకుంది. అప్పుడర్థమైంది నాకు, పొద్దున కొలత ఇచ్చేటప్పుడు ఆమె ఊపిరి ఎందుకు బిగబట్టిందో. పొట్ట దాచుకుంది. మా దగ్గరే కాదు, తన దగ్గర తానే దాచుకున్నట్టు దాచుకుంది.

"అక్క, నేను కుట్టను," అన్నాను. ఏడుపు గొంతుతోనే అన్నాను. "నువ్వు పడితె నేనెట్ల బతకాలె?"

ఆమె కోప్పడలేదు. "కుట్టకు చెల్లె. గీ జిప్పు గింతవరకు ఎక్కుతాంది. పైన పిన్నీసు పెట్టుకుంట," అని మడత పెట్టుకోవడానికి ప్యాంటు విప్పసాగింది.

గోడ మీద, వంగి, అంత వేగంలో పిన్నీసు ఊడి పొట్టలో గుచ్చుకుంటే! అమ్మ కూడా అదే అనుకుందో ఏమో, ఆమె చేతిలోంచి ప్యాంటు తీసుకుని నా ఒళ్లో పడేసింది.

"ఎట్లనన్న ఎక్కుతనే అంటాంది. ఇది పిన్నీసు పెట్టుకొని ఎక్కుడుకంటె నువ్వు కుట్టుడు నయం. మంచిగ కుట్టు," అంది నాతో. ఆమె వైపు తిరిగి, "నువ్వు చెప్పకుంటె మీ ఆయినెకు నేనే వచ్చి చెప్త. రేపటి ఆట అయినంక చెప్పాలె. మాటియ్యి," అంది.

ఆమె మాట ఇచ్చింది.

మర్నాడు తెల్లవారగానే జిప్పు ఊడదీశాను. ఊడదీయడం సులువుగా ఉంది, దాని స్థానంలో ఏం పెట్టాలన్నదే కష్టం. ఆమెకు గుండీల మీద నమ్మకం లేదు, నాకు జిప్పు మీద నమ్మకం లేదు. నాడా పెడితే సాగుతుంది, పొట్ట ఎంత పెరిగినా సర్దుకుంటుంది. కానీ నాడా కొస బయటికి వేలాడి బండి చైనులో పడితే? ఏది తలుచుకున్నా దాని చివర ఒక చావు కనిపించింది. గుడ్డ ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. కత్తెర ముట్టడానికి ధైర్యం చాలలేదు.

బాపు లోపలికి వచ్చాడు. దాచడానికి లంగా కూడా అందలేదు. ఖాకీ ప్యాంటు కాళ్లు రెండూ చాప మీద బారుగా పరిచి ఉన్నాయి.

"గా బావి ఆమెయా?"

తలూపాను. అరుస్తాడనుకుని కళ్లు మూసుకున్నాను. బాపు కూర్చుని నడుము పట్టీని వేళ్ల మధ్య నలిపి చూశాడు. అమ్మ రాత్రే అంతా చెప్పిందని తర్వాత తెలిసింది.

"ఏ దారం వాడుతున్నవ్?"

"రీలు దారం."

"గది రవికెలకు సరిపోతది," అని లేచి వెళ్లి, మగ్గం మీది పడుగు పోగులు తెచ్చాడు. మూడు పోగులు కలిపి తొడ మీద పేని, మైనం పట్టించి ఇచ్చాడు. దాంతో పాటు ఒక చీర అంచు ముక్క కూడా తెచ్చాడు. చీరలో అంచే గట్టిది, ఎంత లాగినా సాగదు. "ఇది లోపల పట్టీకి వెయ్యి," అన్నాడు. బాపు అలా పక్కన కూర్చుని దారం పేనుతుంటే నా చేతులు కొంచెం కుదురుకున్నాయి.

చివరికి ఇలా చేశాను. ఎడమ పక్కనే తెరిచాను. చీలిక వెనక ఒక వెడల్పాటి పట్టీ వేశాను, గుండీ తెగినా ఒళ్లు కనపడకుండా. దాని మీద గుండీలు దగ్గరదగ్గరగా, రెండు వరసల్లో. మొదటి వరస బిగుతుగా ఉంటే రెండో వరసకు మార్చుకోవచ్చు. పొట్టకు ఊపిరి ఆడుతుంది. ఇవన్నీ పైకి కనిపించేవి. అసలు బలం లోపల పెట్టాను. బాపు ఇచ్చిన అంచును నడుము లోపల కుట్టి, పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద ఆనేటట్టు కిందికి దించి, రెండు పెద్ద హుక్కులతో మూశాను. బయటి గుండీలన్నీ ఊడినా ప్యాంటు జారదు. కాజాలు ఒక్కొక్కటి రెండుసార్లు కుట్టాను. కుట్టు ముగిశాక అమ్మను ఒక వైపు, బాపును ఒక వైపు పట్టుకుని లాగమన్నాను. ఇద్దరూ లాగారు. పట్టీ ఆగింది. ఆగింది అని తెలిసి కూడా నాకు నమ్మకం కుదరలేదు. ఇంకోసారి లాగించాను.

మధ్యాహ్నం ఆమె వచ్చి తొడుక్కుంది. వంగింది, కూర్చుంది, ఊపిరి పూర్తిగా వదిలింది. "ఇప్పుడు పానం హాయిగ ఉంది," అని నా చెంప మీద చేయి వేసింది. ఆ చేతికి పెట్రోలు వాసన. నేను ఆమెను ఏదైనా అని ఆపాలనుకున్నాను. అమ్మకు మాట ఇచ్చింది కదా, ఈ ఒక్క ఆటే కదా అని సర్దిచెప్పుకున్నాను.

పొద్దు వాలకముందు ఆటకు నేనూ అమ్మా వెళ్లాం. ఇంట్లో కూర్చుని చప్పుడు వినడం కంటే కళ్లతో చూడడమే నయమనిపించింది. పైన జనం కిక్కిరిసి ఉన్నారు. అంచు కమ్మీ పట్టుకుని లోపలికి చూస్తే బావి అడుగున ఆమె కనిపించింది, చిన్నగా. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, గట్టిగా ముడిచిన కొప్పు. భర్త కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని, రెండో చేత్తో బండి టైర్లు నొక్కి చూస్తున్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. అతడు బయటికి వెళ్లి, అడుగున ఉన్న చిన్న తలుపు మూశాడు.

బండి మొదలవగానే చప్పుడు చెవుల్లో కాదు, ఛాతీలో వినిపించింది. అడుగున రెండు చుట్లు తిరిగి వాలు చెక్కల మీదికి ఎక్కింది, అక్కడినుంచి నిలువు గోడ మీదికి. నా చేతి కింద కమ్మీ ఊగసాగింది. మొత్తం బావి ఊగుతోంది. ఆమె మా కిందినుంచి దూసుకుపోయినప్పుడల్లా గాలి ముఖానికి కొట్టేది. జనం కేకలు వేస్తున్నారు. కొందరు చేతిరుమాళ్లు కిందికి చాపితే ఆమె పైదాకా వచ్చి అందుకుపోయింది.

తర్వాత రెండు చేతులూ వదిలేసింది.

నేను ఆమె నడుమునే చూస్తున్నాను. కనిపించేది కుడి పక్క. నునుపుగా, ఏ కుట్టూ లేకుండా ఉంది. నా పని అంతా ఎడమ పక్కన, కిందికి తిరిగి ఉంది. అక్కడ ఏం జరుగుతోందో నాకు కనిపించే దారి లేదు. ఒక్కో గుండీ ఊడుతోందా, పట్టీ ఆగిందా? ఎంత ముందుకు వంగినా కనిపించదు. "పడ్తవే" అని అమ్మ నా కొంగు పట్టుకుని లాగింది.

అప్పుడు ఆమె ఎడమ చేయి కిందికి వెళ్లింది. నడుము పక్కన పట్టుకుంది.

నాకు తెలిసిపోయింది అనుకున్నాను. ఊడింది. నేను కుట్టింది ఊడింది. మళ్లీ సిగ్గే పట్టుకుంటుంది, బండిని పట్టుకోదు. ఆమె ఒక చుట్టు అలాగే తిరిగింది, చేయి తీయలేదు. జనానికి ఇదంతా ఆటలో భాగమే, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. నోట్లో ఏదో వేడిగా తగిలింది, పెదవి కొరుక్కున్నానని తర్వాత తెలిసింది. చప్పుడు ఉన్నట్టుండి ఆగుతుందని, ఇప్పుడే ఆగుతుందని ఎదురుచూశాను. అది ఆగలేదు. సన్నబడింది. ఇంకా సన్నబడింది. కళ్లు తెరిచేసరికి బండి వాలు చెక్కల మీదికి దిగి, అడుగున తూలుతున్నట్టు తిరిగి నిలిచింది.

నేను మెట్లు ఎలా దిగానో తెలియదు. కింది తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఆమె అప్పటికే బయటికి వచ్చి నేల మీద కూర్చుని ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. భర్త ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ఏమైందని అడుగుతున్నాడు. నా కళ్లు నేరుగా ఆమె ఎడమ పక్కకు వెళ్లాయి. గుండీలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా ఊడలేదు.

"అక్క, ఏమైంది?"

ఆమె నన్ను చూసింది. మళ్లీ చేయి పొట్ట పక్కన పెట్టుకుంది.

"కదిలింది చెల్లె," అంది. "గోడ మీద ఉన్నప్పుడు కదిలింది. బండి నేర్చినకాంచి నాకు గాడ ఎన్నడు భయం కాలె. ఇప్పుడు భయమైంది. కిందికి చూసిన. నేను ఎన్నడు కిందికి చూడలే."

భర్తకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అతడు తిట్టలేదు, అరవలేదు. విరగని చేత్తో ఆమె తల పట్టుకుని తన భుజానికి ఆనించుకున్నాడు. అతడి భుజం ఎగిరెగిరి పడుతుంటే అమ్మ నన్ను వెనక్కి తిప్పి, "పా పోదాం," అంది.

మిగిలిన రోజులు బావిలో ముసలాయన ఒకడు మామూలు సైకిలు వాలు చెక్కల మీద తొక్కి చూపించాడు. జనం పలచబడ్డారు. జాతర ఎత్తేసేముందు ఆమె వచ్చి అమ్మ కాళ్లకు మొక్కి వెళ్లింది.

మరుసటి ఏడు వాళ్లు మళ్లీ వచ్చారు. చెయ్యి కొంచెం వంకరగా అతికినా భర్తే బండి నడిపాడు. ఆమె మెట్ల కింద టిక్కెట్లు ఇస్తూ కూర్చుంది, ఒళ్లో ఆడపిల్ల. పిల్ల బొద్దుగా, బండి చప్పుడుకు బెదరకుండా నిద్రపోతోంది. అమ్మ ఎత్తుకుని ముద్దాడింది. నేను పైకి వెళ్లలేదు.

"ఇది పాలు ఇడిసినంక మల్ల ఎక్కుత," అంది ఆమె, నాతో మాత్రమే, మెల్లగా.

"భయం కాదా అక్క?"

"అయితది. ఇప్పుడు రోజూ అయితది. ఆయిన ఎక్కినా అయితది, నేను ఎక్కినా అయితది. గంతకంటె నేను ఎక్కుడే నయం గద. కింద నిలవడి చూసుడు నాతోని అయితలేదు."

కింద నిలబడి, పైన నిలబడి, ఇంట్లో కూర్చుని ఎదురుచూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమె చెయ్యి పట్టుకుని కొంచెంసేపు కూర్చున్నాను. లోపల బండి మొదలైంది. ఇద్దరం మాట్లాడడం మానేసి విన్నాం. అది సన్నబడి ఆగేదాకా ఆమె నా వేళ్లు వదలలేదు.

ఆ తర్వాతి ఏడు చావుబావి మా జాతరకు రాలేదు. ఆ పైన కూడా రాలేదు. జాతరల వెంట తిరిగే గాజుల వాళ్లనో, మిఠాయిల వాళ్లనో అడిగితే బావి వాళ్ల సంగతి తెలిసి ఉండేదే. అడుగుదామని రెండుమూడుసార్లు వాళ్ల దాకా వెళ్లాను కూడా. వెళ్లి, గాజులు బేరం చేసి, తిరిగి వచ్చాను. ఏం చెప్తారోనని భయం.